మా కంఠసాధన

మా కంఠమును గూర్చి ఈ పత్రికలో వ్రాయవలసి వచ్చునని మేమెన్నడును తలంపలేదు. ప్రతి సంవత్సరమును సంపాదకవర్గమువారు అడుగుటయు, మేము ఛందస్సును గూర్చియో సామెతలను గూర్చియో నాలుగు పుటలు వ్రాసి యిచ్చుటయు వాడుక. ఈ యేడు పదవ తరగతి విద్యార్థిని యొకతె మా బల్లయొద్దకు వచ్చి, "సార్, మీరు పాట నేర్చుకొన్న సంగతి వ్రాయండి" అని యడిగినది. ఆమె యడిగినది గావున కాదనుటకు మాకు నోరాడలేదు. అందులకు కారణము చదువరులకు ముందు తెలియగలదు.

మా గొంతు బొంగురు. చిన్ననాటినుండియు నంతేయని మా తల్లి చెప్పెడిది. పదమూడవ యేట అది మఱియు దిగి, కడవలో తల పెట్టి మాటాడినట్లయ్యెను. మా సహపాఠులు మాకు 'గూడ్సుబండి' యని పేరు పెట్టిరి. రేణిగుంటలో పెరిగినవానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. అరక్కోణమునుండియు, గూడూరునుండియు, గుంతకల్లునుండియు, తిరుపతి మీదుగా కాట్పాడినుండియు వచ్చు నాలుగు దారులును ఇచ్చట కలియును. రాత్రివేళ బరువు బండ్లు ఆగునప్పటి చప్పుడు ఊరిలో ఎవరి నిద్రను చెఱుపదు. మా పాట మాత్రము అందఱి చెవులను చెఱచెడిది.

పండ్రెండేండ్ల వయస్సున క్రిస్మసు పాటలు నేర్పు పెద్దయొకరు మమ్ము వరుసలోనుండి పిలిచి, "నీవు పెదవులు మాత్రము కదుపుము, శబ్దము చేయకుము" అని చెప్పిరి. వారు కోపముతో చెప్పలేదు. దయగానే చెప్పిరి. వరుసలోనుండి తీసివేసినచో పిల్లవాడు ఏడ్చునని తలంచిరి కాబోలు. అది మొదలు పదునొకండు క్రిస్మసులు మేము తెల్లచొక్కా తొడిగికొని, చేత పుస్తకము పట్టుకొని, పెదవులు కదిపితిమి. ఆ విద్యలో మాకు సాటి లేరు. ఆంధ్రక్రైస్తవ కీర్తనలలో ఒక్కొక్క పాట తలపై అచ్చు వేసిన రాగ తాళముల పేర్లన్నియు మాకు కంఠస్థములు. కంఠమునకు మాత్రము వానితో పొత్తు లేదు.

ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో అభ్యాసపాఠము చెప్పునప్పుడు పద్యమును రాగయుక్తముగా చదువవలెనను నియమమొకటి యుండెను. మేము అర్థవివరణమును రెండింతలు చేసి ఆ గండమును దాటితిమి. పిదప ఉద్యోగమున జేరి పదునెనిమిదేండ్లు తెలుగు చెప్పితిమి. ఆ పదునెనిమిదేండ్లలో మా తరగతిలో కూర్చున్న పిల్ల యెవరును మా నోట పద్యము పాడగా విని యెఱుగరు. పోతన పద్యమును కూడ లెక్కల పుస్తకమువలె చదివితిమి. ఎవరైన అడిగినచో "అర్థము ముఖ్యముగాని రాగము కాదు" అనెడివారము. ఈ వాక్యమును ఎంత గంభీరముగా పలికితిమనగా, కొందఱు క్రొత్త ఉపాధ్యాయులు దానిని తమ పుస్తకములలో వ్రాసికొనిరి.

నిరుడు జూలైలో ఉదయపు ప్రార్థనాసమావేశపు భారము మాపై పడినది. హార్మోనియము వాయించు ఉపాధ్యాయిని ఐదు శ్రుతిలో పట్టును. ఆమె గొంతునకు అది సరిపోవును. చిన్న తరగతుల పిల్లలకును సరిపోవును. తొమ్మిదవ తరగతి వరుసలోనుండి ఒక గొంతు మాత్రము అడుగున వేఱుగా వినబడుచుండెను. రెండు దినములు చూచితిమి. మూడవ దినమున ఆ బాలికను ప్రక్కకు పిలిచి, "అమ్మా, నీవు పెదవులు మాత్రము కదుపు" అని చెప్పితిమి. ఆమె తల యూపినది. మేము మొదటి పాఠమునకు పోతిమి.

ఆ మాట ఎక్కడనుండి మా నోటికి వచ్చెనో అప్పుడు మాకు స్ఫురింపనే లేదు. ముప్పది యేండ్లు లోపల నిలువ యుండిన వస్తువు చేయి చాపగనే దొరకినట్లు దొరకినది.

రెండు వారములు గడచిన తరువాత తరగతిలో పాఠము చదువుమని ఆమెను లేపితిమి. ఆమె లేచి, పుస్తకము తెఱచి, పెదవులు కదిపినది. శబ్దము లేదు. తరగతి నవ్వినది. మమ్ము వెక్కిరించుచున్నదని తలంచి మేము కోపముతో బల్ల చఱచితిమి. అప్పుడు ఆమె ముఖము చూచితిమి. అందులో వెక్కిరింత లేదు. మేము చెప్పిన పనిని ఆమె చేయుచుండెను, అంతే. కూర్చుండుమని చెప్పి, పాఠము మేమే చదివితిమి. ఏమి చదివితిమో మాకు జ్ఞాపకము లేదు.

ఆమెను పిలిచి "నీవు పాడవచ్చును" అనుట సులభము. కాని ఎట్లు పాడవలెను? దిగిన గొంతు కలవారు పాడు తెరువేదో మాకే తెలియదు. తెలియని దారిని చూపెదమని పిల్లకు చెప్పుట మఱియొక అబద్ధమగును. కావున ముందు మేము నేర్చుకొనవలెనని నిశ్చయించితిమి. అప్పటికి మాకు నలువది నాలుగేండ్లు.

మొదట తిరుపతిలో ఒక గొంతువైద్యుని చూచితిమి. సన్నని గొట్టపు కొనయందున్న కెమెరాతో ఆయన మా స్వరతంత్రులను తెరమీద చూపెను. రెండు తెల్లని అంచులు తెఱచుకొనుచు మూసికొనుచుండెను. మాకు వ్యాధి యేమియు లేదనియు, పెద్ద తరగతులలో అరచి అరచి అలసట మాత్రము కలదనియు చెప్పెను. ఉపాధ్యాయులకు ఆ తంత్రులపై కాయలు కాచుట తఱచుగా జరుగుననియు, గొంతు బొంగురు మూడు నాలుగు వారములకు మించి నిలిచినచో ఉపేక్షింపరాదనియు చెప్పెను. ఈ మాటను తోడి ఉపాధ్యాయులు గుర్తుంచుకొందురు గాక. పుట్టుబొంగురు వేఱు, రోగపు బొంగురు వేఱు. మాది మొదటిది. పురుషుల మాటలో స్వరతంత్రులు సెకండునకు సుమారు నూఱునుండి నూట ముప్పది మాఱులు కదలును. స్త్రీల మాటలో సుమారు రెండు వందలు. తంత్రులు పొడవుగను లావుగను ఉన్నకొలది కదలిక తగ్గును. తంబురాలో లావు తీగ తక్కువ శ్రుతి పలుకుట వంటిదే. ఆ లావు తీగను తప్పు తీగయని ఎవ్వరును అనరు.

తరువాత మాకు దొరకిన గురువు సంగీతవిద్వాంసుడు కాడు. రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించిన పెద్దాయన. భజనగోష్ఠులలోను, పూర్వము పౌరాణిక నాటకములలోను కాలి హార్మోనియము వాయించినవాడు. రైలుపట్టాల కావలి ప్రక్కన ఆయన ఇల్లు. "పాడండి అయ్యవారూ" అని ఒకటిన్నర శ్రుతి పట్టెను. పాడితిమి. ఆయన మెట్లపైనుండి చేయి తీసి, కొంతసేపు ఊరకుండి, "మీరు ఏడ పాడతా ఉండారో మీకే తెలీదు. కింద నుంచి రండి" అనెను.

క్రిందినుండి వచ్చుట యనగా నిది. నోరు మూసికొని, బలవంతము లేక పలుకగలిగిన అతితక్కువ స్వరమేదో వెదకవలెను. దానిని మంద్రపంచమమని పెట్టుకొని, అక్కడినుండి మీదికి లెక్కించి షడ్జమమును పట్టవలెను. మంద్రపంచమమునుండి తారస్థాయి గాంధారము దాక ఆయాసము లేక తిరుగగలిగినచో అది మన శ్రుతి. ఆ లెక్కన మా షడ్జమము ఒకటిన్నర కాదు, ఒకటియు కాదు, దానికిని దిగువనున్న ఆఱవ మెట్టు. సెకండునకు నూటపది కదలికలు. ఇన్నాళ్లు మేము ఊరివారి శ్రుతిలో పాడజూచి, అందక, అఱచి, చెడితిమి. గొంతు చెడ్డది కాదు. నిలుచుండిన చోటు చెడ్డది. ఆ సాయంకాలము ఆఱవ మెట్టుపై షడ్జమమును మొదటిసారి నిలిపినప్పుడు మా ఱొమ్ము ఎముకలు కంపించుట తెలిసినది. పెద్దాయన కన్నులు మూసికొని వినుచుండెను. అప్పుడే చెన్నపట్టణపు బండి యొకటి దాటిపోయినది. అది పోవువఱకు ఆపుమని ఆయన సైగ చేయలేదు, మేమును ఆపలేదు.

హెచ్చుశ్రుతిపై మనవారికింత మోజు ఎందులకని ఆయనను అడిగితిమి. ఆయన చెప్పిన సమాధానము సంగీతశాస్త్రమున ఉన్నదో లేదో గాని మాకు సమంజసముగా తోచినది. మైకులు లేని కాలమున నాటకమాడువాడు కట్టకడపటి వరుసలో నేలపై కూర్చున్నవానికి వినిపింపవలెను. హెచ్చుశ్రుతిలో పాడిన పద్యము దూరము పోవును. మంద్రము పందిరి దాటదు. అవసరము పోయినను చెవులకు పట్టిన అలవాటు పోలేదు. మైకు వచ్చినమీదట మెత్తని గొంతులకును మంచిరోజులు వచ్చెను. 1904లో రేపల్లెలో పుట్టి, చిత్తూరు రామవిలాససభ నాటకములవలన ఆ ఊరిపేరే తన ఇంటిపేరుగా చేసికొనిన నాగయ్యగారు 1946లో వచ్చిన త్యాగయ్య చిత్రమున పాడిన పద్ధతి చూడుడు: కేక లేదు, తొందర లేదు, ప్రక్కన కూర్చుండి చెప్పినట్లుండును. మాధవపెద్ది సత్యముగారి బరువైన గొంతు నాయకునకు నప్పినను నప్పకున్నను, 1957 నాటి మాయాబజారులో ఘటోత్కచుని భోజనపు పాటకు ఇంకొక గొంతును ఊహింపగలమా?

ఇక సాధన. దానిని గూర్చి విస్తరించి చెప్పుటకేమియు లేదు, ఎందుకనగా అది విసుగైన పని. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గోరువెచ్చని నీరు త్రాగి, పావుగంట మంద్రస్థాయిలో ఒక్కొక్క స్వరముపై ఊపిరి ఉన్నంతసేపు నిలుచుట. పిదప మాయామాళవగౌళలో సరళివరుసలు, పురందరదాసు ఏర్పఱచినవని చెప్పుదురే, అవి. మొదటి కాలములో మాత్రమే. రెండవ కాలమునకు ఆయన మమ్ము ఆఱు నెలలవఱకు పోనీయలేదు. ఆకారము పలుకునప్పుడు మేము దవడను బిగించుచుంటిమట. పండ్రెండవ యేటినుండి బిగించిన దవడ అది. వదలుటకు చాలకాలము పట్టినది. ఇంటివారు మొదటి వారము నవ్విరి, రెండవ వారము సహించిరి, మూడవ వారమునుండి ఆ వేళకే లేచి వంట మొదలుపెట్టిరి. ప్రక్కయింటివారు మాత్రము మాకు ఆరోగ్యము బాగున్నదా యని యడిగిరి.

బొంగురు పోయినదా యని అడుగుదురు. పోలేదు. నునుపైన గొంతు మాకు రాదు, రానక్కఱలేదు. పోయినది బొంగురునకు పైన మేము చేర్చుకొనిన అఱపు. ఇప్పుడు స్వరము శ్రుతిలో నిలుచును. బొంగురు దానిలోనే యుండును, బెల్లములో మట్టివాసనవలె.

దిగిన గొంతువారికి నిదానము మేలని ఆయన చెప్పుచుండెడివాడు. దానికి నిదర్శనముగా మంజపర రామనాథన్‌గారి పాటల రికార్డులను మేము విన్నాము. ఎం. డి. రామనాథన్ అని లోకము పిలుచును. ఆయన 1923లో పాలక్కాడు సీమలో పుట్టి, అడయారు కళాక్షేత్రములో టైగరు వరదాచారిగారికి శిష్యుడై, అక్కడనే ఉపాధ్యాయుడై, 1984లో గతించెను. ఆయన శ్రుతి చాల తక్కువ. నడక ఇంకను తక్కువ. ఇతరులు మూడు కీర్తనలు పాడు కాలమున ఆయన ఒకటి పాడునా యనిపించును. నవ్వినవారును విమర్శించినవారును లేకపోలేదు. ఆయన వేగిరపడలేదు. మొదట విన్నప్పుడు మాకును విసుగు కలిగెనని ఒప్పుకొనవలెను. నాల్గవమాఱు విన్నప్పుడు ఒక స్వరమునకును మఱియొక స్వరమునకును నడుమ నంత చోటున్నదని తెలిసినది.

మా బాలికకు పనికివచ్చినది మాత్రము మఱియొకరి చరిత్ర. 1913లో ధారవాడలో పుట్టిన గంగూబాయి హానగల్‌గారికి యౌవనమున టాన్సిలులకు చికిత్స జరిగిన పిమ్మట గొంతు దిగి, వినువారు పురుషుడు పాడుచున్నాడని భ్రమించునట్లయ్యెను. స్త్రీకి అట్టి గొంతు ఎంత అవమానకారణమో మనదేశమున చెప్పవలసిన పనిలేదు. ఆమె దానిని సన్నము చేయజూడలేదు. సవాయి గంధర్వులవారియొద్ద నేర్చుటకు హుబ్బళ్లినుండి కుందగోళమునకు రైలెక్కి పోయి, పాఠము చెప్పించుకొని, రైలెక్కి తిరిగి వచ్చెడిది. 2002లో పద్మవిభూషణము వచ్చినది. తొంబదియాఱేండ్లు జీవించి 2009లో పరమపదించినది. మన స్టేషనునుండి గుంతకల్లు మీదుగా ఆ హుబ్బళ్లికే పట్టాలున్నవి. రైల్వే ఊరి పిల్లకు ఇంత చాలునని మాకు తోచినది.

పద్యము సంగతి చెప్పక మానరాదు. పద్యమునకు తాళము లేదు. కావున గొంతు తన వేళ తాను తీసికొనవచ్చును. ఊపిరి ఎక్కడ తీయవలెనను ప్రశ్న వచ్చినది. యతియొద్ద ఆగుమని కొందఱందురు. అది పొరపాటు. సంస్కృతమున యతి విరామమే గాని, తెలుగున అది అక్షరమైత్రి. మాట నడుమనైనను రావచ్చును. అక్కడ ఆగినచో మాట విఱుగును. ఊపిరి అర్థమునుబట్టి తీయవలెను. సీసపద్యము మా వంటివారికి కల్పవృక్షము: పాదము పొడవైనను రెండు సగములుగా నడచును, ఒక్కొక్క సగమునకు నాలుగు గణములు, సగమున నిలిచి ఊపిరి తీసికొన్నను పద్యము నొచ్చుకొనదు. గత డిసెంబరులో తొమ్మిదవ తరగతిలో మేము ఒక సీసమును ఆఱవ మెట్టు శ్రుతిలో పాడితిమి. వెనుకబల్లపైనున్న యొకడు "సారుకు ఏమైంది రా" అని మెల్లగా అనుట వినబడినది. పద్యము ముగిసినవఱకు ఎవ్వరును కదలలేదు. అర్థము ముఖ్యముగాని రాగము కాదని ఇన్నాళ్లు చెప్పినవారము పిల్లలకు మఱల ఏమని చెప్పవలెనో తెలియక, కాసేపు నల్లబల్ల తుడిచితిమి.

ఆ బాలికయొద్దకు అంతకుముందే, సెప్టెంబరులో, పోతిమి. ఆమె తల్లియెదుటనే "నీకు ఆ మాట చెప్పుట మా తప్పు" అంటిమి. తల్లికి ఏ మాటయో తెలియదు. పిల్ల ఇంటిలో చెప్పనే లేదట. బాలిక ఏమియు అనక నేలచూపు చూచినది. క్షమించితినని అనలేదు; మేమును అడుగలేదు. మఱునాటినుండి భోజనవిరామమున హార్మోనియము గదికి రమ్మంటిమి. వారము దినములు రాలేదు. ఎనిమిదవ దినమున ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకొని వచ్చి గుమ్మములో నిలుచుండినది.

ఆమె శ్రుతిని వెదకితిమి. ఐదు కాదు, నాలుగున్నర కాదు, నాలుగును కాదు. మూడునకును నాలుగునకును నడుమ నల్లమెట్టు లేదు గనుక తరువాతిది మూడే. అక్కడ ఆమె గొంతు నిలిచినది. ఐదు శ్రుతి షడ్జమమునకు సెకండునకు నూటతొంబదియాఱు కదలికలు, మూడింటికి నూటయఱువదియైదు. నల్లవి తెల్లవి కలిపి లెక్కించినను మూడు మెట్ల దూరము. ఆ మూడు మెట్లకై మేము ఒక పిల్ల నోరు మూయించితిమి.

ప్రార్థనాసమావేశమున చిక్కు వచ్చినది. మూడులో పట్టినచో ఆఱవ తరగతి చిన్నవారికి క్రింది స్వరములు అందవు. ఐదులో పట్టినచో ఆమెకును, గొంతు మాఱిన మగపిల్లలకును మీదివి అందవు. కొన్ని వాదోపవాదముల పిమ్మట మంగళ శుక్రవారములలో పై తరగతులవారు మూడు శ్రుతిలో, తారషడ్జమము దాటని పాటలు పాడునట్లు ఏర్పాటు జరిగినది. కొందఱు ఉపాధ్యాయులకు ఇది రుచింపలేదు. పాట దిగాలుగా నున్నదనిరి. జాతీయగీతమునకు మాత్రము ఈ చిక్కు లేదు; దాని వెడల్పు తక్కువ. 1919లో రవీంద్రులవారు మన సీమలోని మదనపల్లెకు వచ్చినప్పుడు మార్గరెట్ కజిన్సుగారు స్వరపఱచి వ్రాసికొనిన బాణీని తలంచుకొనినచో మాకు ఎప్పుడును ఆశ్చర్యము కలుగును: విద్యార్థులు గుంపుగా పాడుటకే అచ్చు పోసినట్లుండును.

వార్షికోత్సవమున ఆమెచేత పద్యము పాడింపవలెనని మాకు కోరిక. ఆమె ఒప్పుకొనలేదు. వేదికయెక్కనని ఖండితముగా చెప్పినది. మేము రెండవమాఱు అడుగలేదు. తరగతిలో మాత్రము ఇప్పుడు లేచి చదువును. ఎవరైన నవ్వినచో ఆగి, వారు నవ్వుట ముగిసిన తరువాత ఆగినచోటినుండియే చదువును.

గత జనవరిలో ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు హార్మోనియము గది బయట ఏడ్చుచుండెను. క్రిస్మసువఱకు సన్నగా పాడినవాడే. పండుగ దాటునప్పటికి గొంతు పగిలి, ఒక మాట పైకి ఒక మాట క్రిందికి పోవుచుండెను. పండ్రెండు పదునైదేండ్ల నడుమ మగపిల్లల స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి దిగునని పాఠములో చెప్పియే యుంటిమి. చెప్పిన పాఠము ఏడ్చువానికి గుర్తుండదు. మేము లేచి పోవులోపల ఆ బాలిక వానిని లోపలికి పిలుచుకొని వచ్చి, ఐదవ మెట్టు నొక్కి, "ఊ అను" అన్నది. వాడు అనలేకపోయెను. నాలుగున్నర నొక్కినది. నాలుగు నొక్కినది. మూడవ మెట్టుయొద్ద తాను కొంచెము ఆగినది. వాడు అక్కడను నిలువలేదు. రెండున్నర, రెండు. రెండింటియొద్ద వాని గొంతు వణకుచునే నిలిచినది. ఆమె ఆ మెట్టును వదలక, రెండవచేతితో తిత్తిని ఊదుచు, "పైకి పోవద్దురా, ఆడే ఉండు" అన్నది. మధ్యాహ్నపు గంట కొట్టినను వారిద్దఱిని లేపుటకు మాకు మనసు రాలేదు.